నల్ల తెర అడగని ప్రశ్న

“చెత్తబుట్ట ఖాళీ చేసింది నువ్వా, కాదా? ముందు అది చెప్పు.”

పోకువా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చెల్లెలు అచియా కూడా నాలుగు మాటలు అరిచి, ఏడ్చి, గుండె బరువు దింపుకునేది. అక్క అలా మెల్లగా అడిగేసరికి పిల్లకి నోట్లో తడి ఆరిపోయింది.

“చేశానక్కా. నువ్వేగా చెయ్యమన్నావు. మెషీన్‌లో చోటు లేదంటోంది, సంత నుంచి రాగానే బుట్ట ఖాళీ చెయ్యమని పొద్దున్న వెళ్తూ వెళ్తూ నువ్వే...”

“చెత్త ఖాళీ చెయ్యమన్నాను. అమ్మని కాదు.”

కంప్యూటర్ తెర మీద అమ్మ పేరున్న పసుప్పచ్చ ఫోల్డర్ తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు, తెల్లగా ఉంది. పోకువా దాన్ని మూసింది, మళ్ళీ తెరిచింది. ఎన్నిసార్లు తెరిస్తే మాత్రం లేనిది వస్తుందా?

కుమాసీ పెద్ద సంతలో బట్టలమ్మిన చెరెవా అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆ చెరెవా శనివారం మట్టిలో కలవబోతోంది. పోయిన మనిషి కథంతా అక్కడ పైకి చదివి, వచ్చిన వాళ్ళందరి చేతుల్లో పెట్టే పుస్తకం రేపు పొద్దున్నకల్లా ఆడుమ్‌లో ప్రెస్సుకి చేరాలి. ఊళ్ళో ఎవరు పోయినా ఆ పుస్తకం పోకువానే కూర్చి ఇస్తుంది, ఆ పనే ఇంటికి తిండి పెడుతోంది. అలాంటి మనిషి దగ్గర కన్నతల్లి పుస్తకం లేకుండా పోయింది.

పైగా అది మామూలు పుస్తకమా? మంచాన పడ్డాక చెరెవా తన మంచం పోకువా టైపు దుకాణం గదిలోనే వేయించుకుంది. “కాయితం మీద నీ చెయ్యి నత్తలా నడుస్తుంది, మెషీన్ మీద కొట్టవే” అని కూతుర్ని కూర్చోబెట్టి, తన బతుకంతా తనే చెప్పుకుంది. సంత తగలబడ్డ ఏడాది సంగతి చెప్పింది, మొగుడితో పడ్డ తగువులు చెప్పింది, నవ్వింది, తిట్టింది. పోకువా చెప్పింది చెప్పినట్టు కొట్టుకుంటూ పోయింది. ఫ్లాపీలో కూడా ఒక కాపీ పెట్టుకోవాలని రోజూ అనుకుంది, రోజూ రేపనుకుంది.

“అక్కా, నేనెందుకు పారేస్తానే?” అచియా ఏడుపు ఆపుకుంటూ అంది. “అమ్మ తన వేలితో నాకోసం కొట్టింది కూడా అందులోనే ఉంది కదా. నేనింకా చదవను కూడా లేదు.”

పోకువా ఖాళీ ఫోల్డర్‌ని ఇంకోసారి మూసింది.

అచియా ఎవడి వెంటో టకొరాడీ వెళ్ళిపోయి, అమ్మతో మాటలు మానేసి, తీరా తిరిగొచ్చేసరికి చెరెవాకి మాట పడిపోయింది. అంతకు ముందే ఓ మధ్యాహ్నం పోకువాని గదిలోంచి బయటికి పంపేసి, ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఏదో కొట్టింది ఆవిడ. “ఇది దానిది. నువ్వు చదవకు. నన్ను పంపే రోజున దాని చేతికివ్వు” అంది. పోకువా చదవకుండానే దాచింది.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో డాంక్వా మావయ్య కూర్చుని ఉన్నాడు. చెరెవా తమ్ముడు, ఆ వంశానికంతా పెద్ద. ఎర్రటి సంతాపపు గుడ్డ భుజం మీదికి లాక్కుని గొంతు సవరించుకున్నాడు.

“పొద్దున్న నా కళ్ళతో నేను చూశాను. అక్క మాటలన్నీ వరసగా ఉన్నాయి. అల్లుడే చూపించాడు. ఏం అల్లుడూ, ఉన్నాయా లేవా?”

అందరూ గుమ్మం వైపు చూశారు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఫ్రింపాంగ్ మాస్టారు, అంటే పోకువా మొగుడు, చేతిలో టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

“ఉన్నాయి మావయ్యగారూ.”

అబద్ధం కాదు. ఉన్నాయి. ఆయన వాటిని చెరిపే నిమిషం దాకా ఉన్నాయి.

“విన్నావా?” అన్నాడు మావయ్య అచియా వైపు తిరిగి. “పొద్దున్న ఉన్నాయి. మధ్యలో నువ్వొచ్చి బుట్ట ఊడ్చావు. ఇప్పుడు లేవు. మొన్నామధ్య కూడా ఎవరిదో ఫోల్డర్ బుట్టలోకి లాగేశావని మీ అక్కే చెప్పింది.”

“అది వేరు మావయ్యా! అది చెయ్యి జారింది, అక్క మళ్ళీ పైకి తీసేసింది...”

“నోర్ముయ్. బతికుండగా అమ్మని ఏడిపించావు. పోయాక కూడా వదల్లేదు.” మావయ్య చేతికర్ర నేలకి తాటించాడు. “పోయినవాళ్ళకి ధార పోసే స్నాప్స్ సారా సీసా తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దలందరి ముందూ అమ్మని క్షమాపణ అడుగు. శనివారం కూతుళ్ళ వరసలో నువ్వు కూర్చోవు. కూతుళ్ళ మాట పోకువా ఒక్కతే చదువుతుంది.”

అచియా అక్క మొహంలోకి చూసింది. పోకువా తల తిప్పుకుంది. పిల్ల అక్కడే, మెషీన్ పక్కనే, మోకాళ్ళ మీద కూలబడింది.

ఫ్రింపాంగ్‌కి తల కొట్టేసినట్టయింది. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా.

“అది... టీ చల్లారింది” అన్నాడు.

ఛీ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయనకే అసహ్యం వేసింది.

“ఏడ్చింది చాలు, లే” అంది పోకువా చెల్లెలితో. “కూర్చుని కొట్టు. నాకు గుర్తున్నంత నేను చెప్తాను. రేపు పొద్దున్న ప్రెస్సుకి ఏదో ఒకటి ఇవ్వాలిగా.”

అచియా కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఫ్రింపాంగ్ గుండెల్లో రాయి పడింది అప్పుడే.

పొద్దున్న జరిగింది ఇదీ. పోకువా ప్రెస్సుకి, అచియా టమాటాలకి వెళ్ళారు. మావయ్య వచ్చి కూర్చున్నాడు. మాస్టారికి ఎన్నాళ్ళకో తన పని చూసే మనిషి దొరికాడు. ఒకప్పుడు బంటామాలో ఆయన డాస్ క్లాసంటే కుర్రాళ్ళు గోడ బయట కూడా నిలబడేవాళ్ళు. పోకువా కూడా ఆ క్లాసు నుంచే వచ్చింది. విండోస్ వచ్చాక ఒక్కొక్కళ్ళూ జారుకున్నారు. వీధి చివర కొత్త ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు నొక్కడం నేర్చుకుంటున్నారు. మాస్టారు మాత్రం పెళ్ళాం మెషీన్‌లో కూడా అక్షరాలతో ఆజ్ఞలు కొట్టే డాస్ నల్ల తెర తెరిచి, మౌస్ అవతలికి నెట్టేసి కూర్చునేవాడు.

ఆ తగువు ఆ ఇంట్లో పాతదే.

“బొమ్మ నొక్కుతావు, ఏదో అవుతుంది. లోపల ఏం జరిగిందో నీకు తెలుసా? నా నల్ల తెర అలా కాదు. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తుంది” అనేవాడు.

“అదే నా భయం. మీరు చెప్పింది తప్పైనా చేసేస్తుంది” అనేది పోకువా. “నాది అడుగుతుంది. పారేసింది కూడా బుట్టలో దాచి ఉంచుతుంది. మనుషులన్నాక పొరపాటు పడతారని ఎవరో ముందే ఆలోచించి చేసినట్టుంటుంది.”

“పొరపాటు పడేవాళ్ళకి అది సరిపోతుందిలే” అనేవాడు మాస్టారు. ఎంత ధీమానో చూడండి.

ఆ ధీమాతోనే పొద్దున్న నల్ల తెర తెరిచాడు. అత్తగారి ఫోల్డర్‌లోకి వెళ్ళి పేర్లన్నీ వరసగా చూపించాడు. “వాళ్ళు ఆ మౌసుతో గీకి గీకి చేస్తుంటారు, నువ్వు చూడకుండానే కొడుతున్నావే!” అన్నాడు మావయ్య. అంతే, మాస్టారు ఉబ్బిపోయాడు. మెషీన్‌లో చోటు లేదంటున్నారుగా, పాత ఖాతాదార్ల చెత్తంతా ఒక్క లైనుతో ఊడ్చి చూపిస్తానన్నాడు. మొహం మావయ్య వైపు, వేళ్ళు కీబోర్డు మీద. పాత ఫోల్డర్‌లోకి వెళ్ళమని కొట్టాడు. అలాంటి చోటు లేదని తెర ఒక్క లైన్లో చెప్పింది. చూస్తేగా? ఇంకా అత్తగారి ఫోల్డర్‌లోనే ఉన్నానని తెలియక, ఊడ్చెయ్యమని కొట్టేశాడు.

నిజానికి ఫోల్డర్ మొత్తం ఊడ్చమంటే ఆ నల్ల తెర కూడా ఒకసారి అడుగుతుంది, అన్నీ చెరిపెయ్యనా అని. కానీ ఆ ప్రశ్న రాకముందే సరే అనే జవాబు అదే లైన్లో అందించే కిటుకొకటి ఉంది. క్లాసులో అది మాస్టారి ప్రత్యేకం. “మెషీన్ మనల్ని ప్రశ్నించడమేమిటి?” అని బల్ల చరిచి మరీ నేర్పేవాడు. అలవాటు కొద్దీ పొద్దున్నా అదే కొట్టాడు. మెషీన్ నోరు మూసుకుని చెప్పినట్టు చేసింది. అలా చెరిపింది బుట్టలోకి కూడా పోదు.

తల తిప్పి తెర చూసేసరికి అత్తగారి ఫైళ్ళు ఒక్కటీ లేవు. మావయ్య మంచినీళ్ళడిగాడు. మాస్టారు నల్ల తెర మూసేసి, నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇందులో ఇంకో చిక్కుంది. అది ఆ ఇంట్లో ఆయనకీ, ఆయన దగ్గర చదువుకున్న పోకువాకీ తప్ప ఎవరికీ తెలియదు. తల్లి పోయిన దుఃఖంలో ఆమెకి ఇవాళ అది తట్టనే లేదు. చెరిపింది వెంటనే పోదు. మెషీన్ ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. దాని మీద కొత్తది రాస్తేనే పాతది నిజంగా పోతుంది. ఈలోగా మెషీన్ ముట్టుకోకుండా ఉంచితే, తన పాత ఫ్లాపీతో చాలావరకు వెనక్కి తేగలడు.

కానీ తేవడమంటే పోకువా కళ్ళ ముందే తేవాలి. బుట్టలోంచి పోయినవి బుట్ట దగ్గర బయటపడతాయి. నల్ల తెర నుంచి చెరిపినవి తమ చోట్లోనే, పేర్లో మొదటి అక్షరం లేకుండా, కనపడతాయి. ఆ తేడా ఆమెకి ఆయనే నేర్పాడు. ఒక్క చూపులో పట్టేస్తుంది. ఆమె కాసేపు బయటికెళ్తే గుట్టుగా పని కానిచ్చేద్దామని ఆయన చూస్తున్నాడు. ఆమె కదలడం లేదు.

గదిలో కీబోర్డు టకటకలాడుతూనే ఉంది.

“... సంత తగలబడ్డ రోజు నేను బట్టలు వదిలేసి... బట్టలు వదిలేసి ఏం తీసుకుందే అమ్మ? గుర్తు రావట్లేదు” అంటోంది పోకువా.

“తక్కెడ అనుకుంటా అక్కా.”

“తక్కెడ కాదే, బట్టలకి తక్కెడేంటి? కొట్టావా? సేవ్ చెయ్యి. మళ్ళీ పోతుంది.”

సేవ్ చెయ్యి అన్న ప్రతిసారీ ఫ్రింపాంగ్ ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. అత్తగారి మాటల మీద ఆ పిల్ల తన చేత్తో తనే రాసుకుంటోంది.

“పోకువా, కాసేపు ఆపితే... మెషీన్ వేడెక్కిందేమో” అన్నాడు.

“వేడెక్కితే ఎక్కనివ్వండి.”

“అది కాదు...”

“ఏది కాదు?” ఆమె తల తిప్పింది. “చెప్పండి సార్.”

పెళ్ళయ్యాక ఆమె సార్ అనడం మానేసింది. ఒళ్ళు మండినప్పుడే ఆ మాట బయటికొస్తుంది.

“ఏం లేదు” అన్నాడు.

రోజూ పోయే కరెంటు ఇవాళ పోయింది కాదు. ఈ ఏడాది కరెంటు కోతతో ఊరంతా తిట్టుకుంటుంటే, మాస్టారు మాత్రం దేవుడా ఒక్కసారి తియ్యి అని మొక్కుకున్నాడు. దేవుడు ఆలకించలేదు. దాంతో మెల్లగా పెరట్లోకి నడిచాడు. ఆడవాళ్ళు ఉడికిన దుంపలు రోట్లో వేసి ఫుఫూ దంచుతున్నారు. మీటరు పెట్టె వంటగది పక్క గోడకి ఉంది. అటూ ఇటూ చూసి, మూత తీసి, మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు.

ఫ్యాన్లు ఆగాయి. పక్క గదిలో రేడియో ఆగింది.

“ఎవర్రా అది! నా ఫ్రీజరు!”

బోటెమా అత్త. అదే లోగిలిలో ఉంటూ ఐసు నీళ్ళమ్ముకునే మనిషి. ఆమె ఫ్రీజరు ఆగితే ఆమె ఊపిరి ఆగినట్టే. చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, స్విచ్చి మీద ఇంకా చెయ్యి తియ్యని మాస్టారిని చూసి నిలబడిపోయింది.

“అయ్యయ్యో మాస్టారూ! మీరా? ప్రభుత్వం తీసేది చాలక మీరు కూడా తీస్తున్నారా?”

“ష్... అత్తా, కాసేపు...”

“కాసేపేంటి! అమ్మాయ్ పోకువా! మీ ఆయనకేదో అయింది, రావే!”

దంచడం ఆగిపోయింది. పోకువా వచ్చింది, వెనకే అచియా, ఆ వెనక కర్ర పొడుచుకుంటూ మావయ్య. పెరడంతా ఆయన్నే చూస్తోంది. దొంగతనం చేస్తూ దొరికిన కుర్రాడి మొహంలా ఉంది ఆయన మొహం.

“ఎందుకు ఆపారు?” అంది పోకువా.

ఆయన నేల చూపులు చూశాడు.

“మిమ్మల్నే. ఎందుకు ఆపారు?”

“దాని మీద ఇంక ఎవరూ ఏమీ రాయకూడదు, పోకువా.”

ఇంకెవరైనా అయితే ఏమిటీ మాట అనేవారు. పోకువా ఆయన శిష్యురాలు. ఆమె మొహంలో రంగు మారడం అందరూ చూశారు.

“మధ్యాహ్నం నుంచీ అది రాస్తూనే ఉందిగా” అంది నెమ్మదిగా. “మీరు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారుగా. అప్పుడు చెప్పలేదేం?”

మాస్టారు స్విచ్చి మీంచి చెయ్యి తీశాడు.

“బుట్టలోంచి పోయిందైతే అప్పుడే చెప్పేవారు. అప్పుడే ఫ్లాపీ తెచ్చి, నేను తీస్తాను జరగండి అని కూర్చునేవారు. మీ సంగతి నాకు తెలీదా?” ఆమె ఆయన దగ్గరికి వచ్చింది. “నల్ల తెర తెరిచారా?”

“తెరిచాను.”

“ఆ లైను కొట్టారా? అడగొద్దని ముందే జవాబిచ్చేది?”

“కొట్టాను. ఎక్కడున్నానో చూసుకోలేదు.” మావయ్య వైపు తిరిగాడు. “అచియా తప్పేం లేదు. నేనే.”

అచియా ఆయన వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. “బావా, నేను మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నువ్వు టీ చల్లారిందన్నావు” అంది.

సిగ్గుతో ఆయన ప్రాణం పోయినంత పనైంది. ఆ పిల్ల కొట్టినా బాగుండేది.

డాంక్వా మావయ్యకి సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలు. కర్ర ఎత్తి మాస్టారి గుండె మీద ఆనించాడు.

“ఓహో. ఇదా సంగతి! నా పక్కనే కూర్చుని, నా కళ్ళ ముందే, నా చేత మెచ్చుకోలు పుచ్చుకుంటూ మా అక్క మాటలు చెరిపావా? రాజు లేని కొలువులో మాటకారివని, అంటే పని లేని వాగుడుకాయవని, మా అక్క నలుగురిలో నిన్ను అంది. పుస్తకంలో కూడా నీ గురించి ఏదో చెప్పింది. శనివారం అందరూ వింటారని భయపడ్డావు. కావాలనే చేశావు!”

“కాదు మావయ్యగారూ! ఒట్టు, నేను...”

“మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?”

పరువు పోతుందని చెప్పలేదు. ఆ పరువు కోసం ఒక తల్లి లేని పిల్లని నేల మీద కూర్చోబెట్టాడు. బోటెమా అత్త కూడా చీపురు కింద పెట్టేసి, మొహం పక్కకి తిప్పుకుంది.

“నేను వెనక్కి తేగలను. కొంతైనా” అన్నాడు. “నన్ను ఒక్కసారి కూర్చోనివ్వండి.”

“నువ్వా! మళ్ళీ దాన్ని ముట్టుకుంటావా? వేళ్ళు విరిచేస్తాను!”

“మావయ్యా.” పోకువా ఆ మాటతో అడ్డం వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. “కూర్చునేది నేను. ఈయన చెప్తారు, నేను కొడతాను. ప్రతి లైనూ నాకు చెప్పి, నేను చదివి, సరే అన్నాకే. అత్తా, స్విచ్చి వెయ్యి.”

పాత ట్రంకు పెట్టెలోంచి ఫ్లాపీ వచ్చింది. ఈసారి మెషీన్‌లో బొమ్మలేవీ రాలేదు. నల్ల తెర, ఒక మూల మినుకుమినుకుమనే గీత. మౌస్ పక్కన ఊరికే పడి ఉంది. పోకువా కుర్చీలో, మాస్టారు వెనక నిలబడి. ఒకప్పుడు క్లాసులో ఇలాగే నిలబడేవాడు. అప్పుడు ఆమెకి ఆయనంటే ఎంత గౌరవమో.

“ఇప్పుడు ఏం కొట్టాలి?”

ఆయన చెప్పాడు. ఆమె కొట్టలేదు. “ఇది ఏం చేస్తుంది?” అంది. ఆయన వివరించాడు. “ఎక్కడ చేస్తుంది? మనం ఎక్కడున్నాం?” అంది. ఆయన అది కూడా చెప్పాడు. అప్పుడు కొట్టింది. పొద్దున్న ఆ నల్ల తెర అడగనివన్నీ ఆమె అడుగుతోంది, ఆయన తల వంచుకుని జవాబిస్తున్నాడు.

తెర మీద ఒక పేరు వచ్చింది. మొదటి అక్షరం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం. కిందనే మెషీన్ మాట: దీన్ని వెనక్కి తేవచ్చు. తేవాలా?

“వచ్చింది!” అచియా అరిచింది. “అక్కా, అది సంత గురించి చెప్పింది!”

పోకువా ఏ అక్షరం కావాలో కొట్టింది. ఫైల్ వచ్చింది. ఇంకోటి, పెళ్ళి కబుర్లు. అదీ వచ్చింది. పోకువాకి చెప్పిన మాటలు వచ్చాయి. అల్లుడికని చెప్పినవీ వచ్చాయి. వాటిని పోకువా తెరవలేదు.

“శనివారం వింటారు” అంది అంతే. “అందరితో పాటు.”

“వింటాను” అన్నాడు ఆయన. ఏమున్నా సరే, నిలబడి వినాలి అనుకున్నాడు.

మావయ్య కర్ర కింద పెట్టాడు. పెరట్లో ఎవరో అమ్మయ్య అన్నారు. ఫుఫూ దంచడం మళ్ళీ మొదలైంది. ఫ్రింపాంగ్ కూడా పొద్దున్నుంచీ మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆఖరి పేరు తెర మీదికి వచ్చింది. చిన్న ఫైల్. ఒక్క వేలితో ఒక మధ్యాహ్నమంతా కొట్టింది ఎంతుంటుంది? దాని కింద మెషీన్ ఏమీ అడగలేదు. ఒక్క లైను చెప్పి ఊరుకుంది. దీని చోటులో వేరేది రాశారు, తేవడం కుదరదు.

పోకువా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. మొగుడు చెప్పిన ఇంకో దారి ప్రయత్నించింది. మళ్ళీ అదే లైను. ఇంకోసారి కొట్టబోతుంటే ఆయన ఆమె భుజం తాకి, వద్దన్నట్టు తల ఊపాడు.

ఇద్దరికీ తెలుసు. ఆ చోట్లో రాసిందేమిటో, ఎవరు రాశారో కూడా తెలుసు. తక్కెడా, బట్టలా అని తడుముకుంటూ మధ్యాహ్నం నుంచీ కొట్టించిన మాటలు. పొద్దున్న చేసిన పొరపాటుతో అది పోలేదు. పొద్దున్న చెప్పి ఉంటే ఇప్పుడు ఇది కూడా ఇక్కడ ఉండేది. ఆయన గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డప్పుడు పోయింది. పోగొట్టింది కూడా ఎవరి చేత్తో!

“ఏమైందక్కా?” అచియా ముందుకు వంగి తెర చూసింది. ఇంగ్లీషు లైను ఆమెకి పూర్తిగా అర్థం కాలేదు. “అన్నీ వచ్చాయిగా. నాదేది?”

పోకువా కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

“నాదొక్కటే రాలేదా? ఎందుకు రాలేదు బావా? అన్నీ వచ్చి నాదొక్కటే ఎందుకు పోయింది?”

ఫ్రింపాంగ్ ఆ పిల్ల చేతుల వంక చూశాడు. వేళ్ళ చివర్లు ఇంకా కీబోర్డు మీద కొట్టి కొట్టి ఎర్రగా ఉన్నాయి. మెషీన్ పాతది, ఒక్కోసారి అంతే అమ్మా, అనెయ్యొచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది కూడా. జీవితమంతా నమ్ముతుంది.

పోకువా కుర్చీలోంచి లేచింది. ఆ కుర్చీ ఆయన వైపు తిప్పింది.

“చెప్పండి” అంది. “ఈసారి గుమ్మంలో నిలబడకండి.”